అడుగులక్క కోపం

ఆ స్టూడియోలో ఆమెను అందరూ అడుగులక్క అంటారు. సినిమాలో ఎవరు నడిచినా ఆ నడక చప్పుడు ఆమెది. షూటింగులో పడిన అడుగుల చప్పుడు దేనికీ పనికిరాదు. జనరేటరు మోత, ఎవరో దగ్గడం, ఎవరో గిన్నె పడేయడం, అన్నీ అందులో కలిసిపోతాయి. అందుకని తర్వాత ఒక మూసిన గదిలో, తెర మీద బొమ్మ మాత్రం ఆడుతుంటే, ఆమె దాని ముందు నిలబడుతుంది. ఆ మనిషి కాలు నేల మీద ఆనే క్షణానికి తన కాలు ఆనిస్తుంది. గది నేలంతా గళ్ళు. ఒక గడిలో ఇసక, ఒక గడిలో కంకర, ఇంకోదాంట్లో ఎండుటాకులు. కొంత చెక్క, కొంత బండ, కొంత పగిలిన సిమెంటు. గోడ పొడవునా మేకులకు వేలాడుతూ చెప్పులు, బూట్లు. ఆమె పాదం చిన్నది. మగవాళ్ళ బూట్లలో గుడ్డలు కుక్కుకుని నడుస్తుంది.

"ఈ ఊళ్ళో సగంమంది మగాళ్ళు నా కాళ్ళ మీదే నడుస్తున్నారు," అనేది. "ఒక్కడికీ నడక రాదు."

పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు కూడా అదే జవాబు. ఇంతమందిని నడిపిస్తున్నాను, ఇంకొకణ్ణి ఇంట్లో కూడానా, అనేది.

కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. అద్దం అవతల కూర్చునే రికార్డిస్టును అందరూ బాబాయ్ అంటారు. ఆమె నోరు తెరవబోతే బాబాయ్ ముందు మైకు కట్టేస్తాడు. "నీ తిట్లు గానీ రికార్డయ్యాయా, సెన్సారువాళ్ళు అడుగుల్ని కూడా కత్తిరిస్తారమ్మా," అంటాడు. ఆ మాటకు ఆమె నవ్వేది. ఈ ఏడాది నవ్వడం లేదు.

ఒక పాత నాటకం ఉంది. ఎన్ని వందల ఏళ్ళ కిందటిదో ఆమెకు తెలియదు. అందులో ఇద్దరు అన్నదమ్ములు. అన్న కోటకు ఏలిక, తమ్ముడు సేనాపతి. దారిలో ఒక గుడ్డి ముసలమ్మ తమ్ముణ్ణి ఆపి, మీ అన్న నీ చేతిలో పోతాడు, అంటుంది. అంతే. ఒక్క మాట అనేసి వెళ్ళిపోతుంది, మళ్ళీ నాటకం మొత్తంలో కనపడదు. తమ్ముడికి అన్నంటే ప్రాణం. మొదట నవ్వేస్తాడు. తర్వాత భయపడతాడు. కోట విడిచి ఎటైనా పోదామనుకుంటాడు, పోడు. ఆ కుర్చీ తనదైతే ఎలా ఉంటుందో అని ఒకసారి, ఊరికే, అనుకుంటాడు. చివరికి ఒక మధ్యాహ్నం, కునుకు తీస్తున్న అన్న గదిలోకి వెళ్తాడు.

దాన్ని ఈ కాలం కథగా మార్చి మళ్ళీ మళ్ళీ సినిమా తీశారు. ఆ తమ్ముణ్ణి అడుగులక్క మూడుసార్లు నడిపించింది.

మొదటిసారి ఆమె ఇంకా పని నేర్చుకుంటోంది. నేర్పినది ఒక పెద్దాయన, బక్కపలచని మనిషి, పులి నడక నడవమన్నా నడిచేవాడు. ఆ సినిమాలో తమ్ముడు ఒక మిల్లు యజమానికి తమ్ముడు. జోస్యం చెప్పే ముసలామె రైలుపెట్టెలో ఎదురుగా కూర్చుంటుంది, చెప్పి తర్వాతి స్టేషన్లో దిగిపోతుంది. ఆ తర్వాత తమ్ముడు అన్న గది ముందు వరండాలో పచార్లు చేసే ఘట్టం ఉంది. ఒక్క మాట లేదు. తలుపు దాకా వెళ్తాడు, వెనక్కి వస్తాడు. చెప్పులు విప్పుతాడు, మళ్ళీ తొడుక్కుంటాడు. మెట్ల దాకా పోయి నిలబడతాడు. మళ్ళీ విప్పుతాడు. పెద్దాయన ఆమె చేత ఆ వరండాను రోజుల తరబడి నడిపించాడు.

"వాడు ఆగిన చోట కూడా నువ్వు నడవాలే పిల్లా," అన్నాడు. "కాలు కదలదు, బరువు కదులుతుంది. పోదామనుకున్నప్పుడు మడమ మీదికి, లోపలికి దూరదామనుకున్నప్పుడు వేళ్ళ మీదికి. ఆ కిర్రు వినపడాలి. వినపడకపోతే వాణ్ణి నువ్వు మోసం చేసినట్టే."

థియేటర్లో ఆ కిర్రు దగ్గర జనం కేకలు వేసేవాళ్ళు. పోరా, మెట్లు దిగి పోరా, అని. పోడని తెలుసు. అయినా అరిచేవాళ్ళు. పోగలడు గనకే అరిచేవాళ్ళు.

రెండోసారికి ఆమెకు పేరొచ్చింది. ఈసారి జోస్యం పెట్రోలు బంకు దగ్గర తిరిగే పిచ్చిది చెప్పింది. వరండా సగానికి తగ్గింది. మిగతా సగంలో పిచ్చిదాని నవ్వు కలిపారు. ఆమె గొణిగింది గానీ నడిచింది.

మూడోది ఇప్పటిది. అన్నదమ్ములకు లారీల కంపెనీ. జోస్యం ఫోన్లో వస్తుంది. రేడియోలో వస్తుంది. లారీ హారన్లోంచి వస్తుంది, స్నానాల గది అద్దం మీది ఆవిరిలో రాతగా కనపడుతుంది. ముసలిది ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళదు, ప్రతి మూలా అదే. అది ఎంత పెరిగిందో మనిషి అంత కుంచించుకుపోయాడు. ఆకాశం ఎర్రబడుతుంది, హీరో కళ్ళు తెల్లబడతాయి, గాల్లో తేలుతున్నట్టు అన్న గదిలోకి పోతాడు.

మొదట వచ్చిన కాపీలో ఇంకా వరండా ఉంది. ఆమె దానికి నడిచింది, కిర్రుతో సహా. వారం తిరిగేసరికి డైరెక్టరు కొత్త కాపీ పట్టుకొచ్చాడు.

ఆ రోజు గదిలో మూల స్టూలు మీద ఆమె మరదలు కూర్చుని ఉంది. ఎడమ మణికట్టుకు పిండికట్టు. ఆ అమ్మాయిని ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టం లేక అడుగులక్క తనతో పాటు తీసుకొస్తోంది.

ఆ కట్టు కథ ఇది. అడుగులక్క తమ్ముడు డ్రైవింగు స్కూల్లో నేర్పుతాడు. ఆ స్కూలు కార్లలో రెండు బ్రేకులుంటాయి. స్టీరింగు నేర్చుకునేవాడి చేతిలో, రెండో బ్రేకు ఇతని కాలికింద. పెళ్ళయి రెండేళ్ళు దాటాక, ఎవరో చెప్పారని, తన అరచేతిని ఫొటో తీసి ఫోన్లో ఒక జోస్యుడికి పంపాడు. జవాబు వచ్చింది. నీ చేతి దెబ్బ నీ ఇల్లాలికి రాసి ఉంది, తప్పదు, అని.

అతను నిజంగానే హడలిపోయాడు. అది అబద్ధం కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగాడు. అన్నం చెంచాతో తిన్నాడు. తల్లి ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది. గరిటెలు, సుత్తి, ఇస్త్రీపెట్టె, చేతికి అందేవన్నీ మూటగట్టి పక్కింట్లో దాచింది. కూర కలపాలంటే కోడలు పక్కింటికి వెళ్ళి గరిటె అడిగి తెచ్చుకోవాలి, కలిపి మళ్ళీ ఇచ్చి రావాలి. మొగుడూ పెళ్ళాం ఒక గదిలో ఉంటే తల్లి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇంటిల్లిపాదీ అతని చేతుల్ని కాపలా కాశారు. అతణ్ణి ఎవరూ కాయలేదు.

ఒకరోజు పక్కింటావిడ గరిటె అందిస్తూ, "మీ ఆయన చేతులు ఎవరికైనా అద్దెకిచ్చారేమిటమ్మా, బయట కనపడటమే లేదు," అంది. కోడలు పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వేమో, ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు గోడ అవతలికి వినపడింది. ఆ సాయంత్రం ఆమె మణికట్టు విరిగింది.

ఆమెకు పుట్టిల్లు లేదు. ఆస్పత్రి నుంచి వదిన దగ్గరికి వచ్చింది. కొట్టారు వదినా, అంది. అంతకు మించి చెప్పలేదు. వదిన కూడా అడగలేదు.

తమ్ముడు రెండుమూడుసార్లు గేటు దాకా వచ్చి ఏడ్చిపోయాడు. "నేనేం చేసేదక్కా, ముందే చెప్పాడుగా. ఎంత ఆపుకుంటే మాత్రం ఆగుతుందా?"

"నీ ఉద్యోగమే బ్రేకు మీద కాలు పెట్టుక్కూర్చోవడం కదరా సన్నాసీ!" అని ఆమె వీధి వీధంతా వినేలా అరిచింది.

ఇక ఆ రోజు స్టూడియోలో. డైరెక్టరు కుర్రవాడు. చెడ్డవాడు కాదు. టీ తెచ్చినవాణ్ణి కూడా అండీ అంటాడు.

"అక్కా, ఈ అడుగులు తీసేద్దాం," అన్నాడు.

"తీసేసి?"

"గాలి పెడదాం."

"గాలి నడుస్తుందా?"

"అతను నడవడం లేదు కదక్కా. అతణ్ణి తీసుకుపోతోంది."

"ఏది?"

"విధి."

"ఎవరి కాళ్ళతో?"

బాబాయ్ చెయ్యి మైకు మీట మీదికి పోయింది.

"చెప్పులు విప్పే షాటు ఏది బాబూ?" అంది ఆమె. "నేను నడిచానే, ఆ షాటు. తలుపు ముందు నిలబడి చెప్పులు విప్పుతాడు. చప్పుడైతే అన్న లేస్తాడని."

"తీసేశానక్కా. అది ఉంటే సినిమా పోతుంది." అతను ఒక కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పులు విప్పాడంటే ఆలోచించాడని. ఆలోచించి చంపినవాడి కోసం ఎవరు ఏడుస్తారు చెప్పండి? నాకు వాళ్ళు ఏడవాలి. పాపం, వీడేం చేస్తాడు, అనుకుంటూ బయటికి రావాలి."

"ముసలిది చెప్పిందని ఉంది నాటకంలో. ముసలిది చంపిందని లేదు."

"పాతకాలం నాటకం కదక్కా. వాళ్ళకు తీరిక. ఒక మనిషి తనతో తాను పోట్లాడుకుంటుంటే కూర్చుని వినేవాళ్ళు. ఇప్పుడు ఎవరికి ఓపిక?"

"వినే ఓపిక లేదా, పోట్లాడుకునే ఓపిక లేదా?"

అతను నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు. "మీరన్నది తప్పనను. కానీ అది వేరే సినిమా. నేను తీస్తున్నది ఇది."

సినిమా అతనిది. చెక్క పీపాకు గుడ్డ చుట్టిన పాత యంత్రం ఒకటి మూలన ఉంది, పిడి పట్టి తిప్పితే గాలి చప్పుడు వస్తుంది. దాని ముందు కూర్చుంది. పళ్ళు బిగించి తిప్పింది. గది దద్దరిల్లింది.

"కాస్త నెమ్మదిగా అక్కా," అన్నాడు డైరెక్టరు, చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి. "విధి కావాలి. తుఫాను వద్దు."

నెమ్మదిగా తిప్పింది. కాళ్ళు లేని మనిషి ఒకడు తెర మీద తేలుతూ పోయి తన అన్నను చంపాడు. పని బాగా కుదిరిందని అందరూ అన్నారు. అది నిజం. ఆ సినిమా విడుదలయ్యాక ఆ ఘట్టం దగ్గర జనం వెక్కివెక్కి ఏడ్చారు.

డైరెక్టరు వెళ్ళాక బాబాయ్, ఊరికే, పాత కాపీని ఒకసారి వేశాడు. వరండా, తలుపు, ఒంగి చెప్పులు విప్పే మనిషి. విప్పి, రెండూ జతగా గోడ వారకు జరిపి పెట్టే మనిషి. మూల స్టూలు మీది మరదలు లేచి నిలబడింది.

"మళ్ళీ వేస్తారా బాబాయ్ గారూ?" అంది.

వేశాడు. ఆమె నిలబడే చూసింది. బస్సులో ఇంటికి వెళ్తున్నప్పుడు, కిటికీ వైపు మొహం పెట్టుకుని, "వదినా, ఆ ముక్క నిజంగా ఎవరూ చూడరా ఇక?" అని అడిగింది.

"చూడరు."

"అయితే అతని తప్పు లేదనుకుంటారు."

"అనుకోవాలనే తీసేశాడు."

ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి ఎవరో పిలుస్తున్నట్టు మధ్యమధ్య ఆగిపోతూ తిరిగింది.

ఆదివారం తల్లీ తమ్ముడూ వచ్చారు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. తల్లి కొత్త చీర కట్టుకుంది. కోడలికి కూడా ఒకటి సంచిలో తెచ్చింది. తమ్ముడు కుర్చీలో కూర్చున్నాడు. చేతులు జేబుల్లో లేవు, ఒళ్ళో హాయిగా పడుకుని ఉన్నాయి. అడుగులక్క ముందు చూసింది వాటినే.

"నిన్ను తీసుకెళ్దామని వచ్చామమ్మాయ్," అంది తల్లి. "ఇక ఏ భయమూ లేదు. గండం గడిచిపోయింది."

"ఏ గండం?" అంది అడుగులక్క.

"నువ్వు ఊరుకోవే. దానితో మాట్లాడుతున్నాను." తల్లి కోడలి పక్కకు జరిగింది. "వాడు చెప్పిందేమిటి? ఒక దెబ్బ రాసి ఉందన్నాడు. అది పడిపోయింది. జరగాల్సింది జరిగిపోయాక మళ్ళీ జరుగుతుందా? ఇన్నాళ్ళూ ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో అని చచ్చాం. చేతితో పోయింది, తల మీద పడి ఉంటే? ఇప్పుడు హాయి. గరిటెలన్నీ ఇంటికి తెచ్చేశాను."

ఆమె ఎగతాళికి అనలేదు. మనస్ఫూర్తిగా అంది. మొహం విప్పారి ఉంది. అది చూస్తే అడుగులక్కకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచింది. ఇక్కడ మైకు కట్టేసేవాళ్ళు ఎవరూ లేరు. కానీ మరదలి వైపు చూసి ఆగిపోయింది. ఆ అమ్మాయి కుడిచేత్తో సంచిలోని చీర కొంగు పట్టుకుని చూస్తోంది. ఆ చూపులో పోవడం ఉందో ఉండిపోవడం ఉందో తెలియడం లేదు. తన ఇల్లు ఆ అమ్మాయికి ఇల్లు కాదు, ఒక మంచం. ఆమె వెళ్తానంటే ఏ మొహం పెట్టుకుని ఆపాలి?

"నేను కూడా ఎంత నరకం పడ్డానో నీకు తెలీదు," అన్నాడు తమ్ముడు భార్యతో. గొంతు నిజంగానే వణికింది. "నా చేతులంటే నాకే భయం. ఆ రోజు అసలు నాకు ఒంటి మీద తెలివే లేదు. ఎవరో లాక్కెళ్ళినట్టు వంటింట్లోకి వచ్చాను. అదేదో నా చేత చేయించింది. ఇప్పుడు అది వెళ్ళిపోయింది. నాకు తెలుస్తోంది, వెళ్ళిపోయింది."

మరదలు చీర కొంగు వదిలేసింది.

"అత్తయ్యా," అంది. "ఆయన వాచీ తీసి పెట్టారు."

"ఏ వాచీ?"

"చేతి వాచీ. కొట్టే ముందు." ఆమె గొంతు పెంచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "నేను కూరలో ఉప్పు చూస్తున్నాను. ఈయన వచ్చి నిలబడ్డారు. వాచీ విప్పారు. పట్టీ బిగుసుకుని రాలేదు, గోటితో లాగి విప్పారు. ఫ్రిజ్ మీద పెట్టారు. అంచుకు ఉందని చూసి, మళ్ళీ లోపలికి జరిపారు. స్నానానికి వెళ్తున్నారేమో అనుకున్నాను. నీళ్ళు కాగాయా అని కూడా అడిగాను. అప్పుడు నా వైపు తిరిగారు."

తమ్ముడు ఎడమ మణికట్టు మీద కుడిచెయ్యి వేసుకున్నాడు. వాచీ అక్కడే ఉంది.

"ఖరీదైన వాచీ కదమ్మా అది," అంది తల్లి, నచ్చచెబుతున్నట్టు. "మీ మామగారు కొన్నది. దెబ్బకు పగిలిపోతే..."

అక్కడ ఆగింది. తన మాట తనకే వినపడినట్టుంది. సంచి మీదున్న ఆమె చెయ్యి మెల్లగా ఒళ్ళోకి వచ్చేసింది.

"వాచీ తియ్యమని కూడా వాడు చెప్పాడట్రా?" అడుగులక్క లేచి నిలబడింది. "ఫొటోలో కనపడిందా అది? అంచున పెట్టకురా, పడిపోతుంది, లోపలికి జరుపు అని రాసి ఉందా నీ అరచేతిలో? వాచీకి ఏమీ కాకూడదన్న తెలివి ఉంది నీకు. ఆ తెలివితో పెళ్ళాం చెయ్యి ఎందుకు కనపడలేదు? మాట్లాడవేం? ఎవరో లాక్కెళ్ళారన్నావే, లాక్కెళ్ళేవాడు వాచీ విప్పుకునేదాకా ఆగాడా గుమ్మంలో?"

"అక్కా, నువ్వు ఆవేశపడకు."

"పడతాను. ఆవేశం నాది. నాకెవరూ చెప్పలేదు పడమని."

తమ్ముడు ఆమెను వదిలేసి భార్య వైపు చూశాడు. "వాచీ సంగతి నాకు గుర్తే లేదు. అలవాటు మీద తీసి ఉంటాను. ఇప్పుడు అదంతా ఎందుకు? వస్తావా, రావా?"

"రాను."

"ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించుకునే చెబుతున్నాను. రాను."

అతను తల ఆడించాడు. మొహంలో ఏదో సర్దుకుంది. బాధ ఒక వాలు దొరికి దిగిపోయినట్టు.

"సరే," అన్నాడు. "ఇది కూడా అన్నాడు వాడు. ఇల్లు నిలవదని. నేను మీకెవరికీ చెప్పలేదు. రాసిందే జరుగుతోంది."

మరదలు లేచింది. అతని కుర్చీకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వచ్చి నిలబడింది. 

"వాడు అన్నది కాదు," అంది మరదలు. "నేను అంటున్నాను. ఇందులో వాణ్ణి కలపకండి. నేను రాను. రేపు ఇంకోలా అనిపిస్తే రేపు చెబుతాను, అదీ నేనే చెబుతాను. ఇవాళ మాత్రం రాను."

తమ్ముడు లేచాడు. ఒళ్ళో పడుకున్న చేతులకు ఇప్పుడు చోటు దొరకలేదు. జేబుల దాకా పోయి బయటికి వచ్చేశాయి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"పదమ్మా."

తల్లి కదల్లేదు. కోడలి కట్టు వైపు చూస్తోంది. ఇన్ని వారాల్లో ఆ కట్టును ఆమె సరిగా చూడటం అదే మొదటిసారి.

"నువ్వు పో," అంది. "నీకు బస్సు తెలుసుగా."

"నువ్వు?"

"నేను కూర్చుంటాను."

అతను గుమ్మంలో నిలబడిపోయాడు. అక్క వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూడబోయి మానుకున్నాడు.

"అయితే నన్నిప్పుడు ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు.